పాత గొడ్డలిని తక్కెడలో వేసే ముందు...

(మా విలేకరి)

ఒంటిమిట్ట: పొద్దున్నే వీధిలో "పాత ఇనుము కొంటాం, పాత సామాన్లు కొంటాం" అనే కేక వినబడితే చాలు, అటక మీది సరంజామా అంతా కిందికి దిగుతుంది. విరిగిన మడక కర్రు, అరిగిన గుంటక పాస, కామ ఊడిన గొడ్డలి, మొండిపడిన బాడిస అన్నీ ఒకే తక్కెడలో పడతాయి. కిలోకు ఇంత అని లెక్క. అయిదు నిమిషాల్లో బేరం ముగుస్తుంది. నాలుగు తరాలు చేతబట్టిన పనిముట్టు సాయంత్రానికల్లా పాత ఇనుము కొట్లో కుప్పలో కలిసిపోతుంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. వాడని ఇనుము ఇంట్లో తుప్పు పట్టేకన్నా నాలుగు డబ్బులు రావడం మేలే కదా అని ఎవరైనా అనుకుంటారు. కాని తక్కెడ బరువు ఒక్కటే చెబుతుంది. ఆ గొడ్డలి ఏ కాలానిదో, ఎవరు చేశారో, ఏ చేలో దొరికిందో చెప్పదు. ఆ సంగతులు చెప్పగలిగినవారు ఇంటికొక్కరైనా ఇంకా మిగిలి ఉన్న రోజులివి. వారు కూడా పోయిన తర్వాత అడిగినా చెప్పేవారు ఉండరు.

కోదండరామస్వామి గుడి చూడటానికి ఒంటిమిట్టకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. గోపురాన్ని, మండపం స్తంభాలను చూసి ఆశ్చర్యపోతారు. ఆ రాతిని చెక్కిన ఉలి ఎట్లా ఉండేదో, బండను చీల్చిన సమ్మెట ఎంత బరువుండేదో అడిగేవారు అరుదు. పని నిలుస్తుంది, పనిముట్టు మరుగున పడుతుంది. లోకంలో ఎక్కడైనా ఇదే తంతు. అయితే మన జిల్లా పాత గొడ్డళ్లను ఏరి, వాటికి పేరు పెట్టి, దొరికిన ఊరు రాసి దాచినవారు నూటయాభై ఏళ్లకు ముందే ఉన్నారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

మన రాళ్లు మద్రాసు మ్యూజియంలో

ఆయన పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. 1834లో ఇంగ్లండులో పుట్టి, 1858లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరారు. ఏ కొండలో ఏ రాయి ఉందో చూసి పటం గీయడం ఆయన ఉద్యోగం. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో కంకర గుంతలో ఆయనకు ఒక రాయి దొరికింది. మామూలు గులకరాయి కాదది. రెండు వైపులా పెచ్చులు లేపి, అంచు తీర్చిన రాయి. మనిషి చేతితో చేసిన గొడ్డలి. అదే సంవత్సరం సెప్టెంబరులో తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి మద్రాసుకు వాయవ్యాన ఉన్న అత్తిరంపాక్కంలో అటువంటి రాళ్లు చాలా చూశారు. దేశంలో ఇంత పాత కాలంలో మనుషులు ఉండేవారన్న సంగతి అప్పటిదాకా ఎవరి ఊహలోనూ లేదు.

ఆ విలియం కింగ్ మనకు పరాయివాడు కాదు. కడప, కర్నూలు ప్రాంతపు కొండలూ రాళ్ల మీద 1872లో అచ్చయిన పెద్ద గ్రంథం ఆయనదే. నేటికీ భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాళ్ల వరుసలను 'కడప' పేరుతోనే పిలుస్తారు. పాలకొండలు, లంకమల కొండల్లో ఎక్కువగా కనిపించే గట్టి తెల్లని, గులాబీ ఛాయ రాయిని క్వార్ట్‌జైట్ అంటారు. ఆదిమ మానవుడు చేతి గొడ్డలికి కోరి ఎంచుకున్నది ఈ రాయినే. కొడితే పెచ్చుగా లేస్తుంది, అంచు పదునుగా నిలుస్తుంది, తేలికగా విరగదు. వాగులూ వంకలూ ఆ రాళ్లను దొర్లించుకొని వచ్చి పెన్నా, చెయ్యేరు ఒడ్డుల్లో పోస్తాయి. అక్కడ గులకరాళ్ల మధ్య మన కాలికి తగిలే రాయి ఏదైనా అటువంటిది కావచ్చు.

ఫుట్ ముప్పై మూడేళ్లు సర్కారు కొలువు చేసి 1891లో విరమించారు. గుర్రం మీద, కాలినడకన దక్షిణ దేశమంతా తిరిగారు. 1880లలో నేటి నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను తవ్వించారు. ఆ పనిలో ఆయన కుమారుడు హెన్రీ కూడా ఉన్నారు. జీవితమంతా ఏరిన రాతి పనిముట్లను, పాత కుండ పెంకులను 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం తీసుకొంది. 1912లో ఆయన చనిపోయారు. ఆయన రాసిపెట్టిన పట్టిక 1914లో, దాని వివరణ 1916లో అచ్చయ్యాయి. అందులో మన కడప జిల్లా ఊళ్లు ఉన్నాయి, కర్నూలు, అనంతపురం, బళ్లారి ఊళ్లూ ఉన్నాయి.

ఫుట్‌కు ముందూ తర్వాతా రాళ్లు ఏరినవారు ఉన్నారు. ఆయన పేరు నిలవడానికి కారణం ఒక చిన్న అలవాటు. ప్రతి రాయికీ దొరికిన చోటు రాసిపెట్టారు. ఊరు పేరు, గుట్ట పేరు, వాగు ఒడ్డా, చేలోనా అన్నది రాశారు. అందువల్లనే నేటికీ పండితులు ఆ పట్టిక పట్టుకొని ఆ చోట్లకు వెళ్లి మళ్లీ వెదుకుతున్నారు. అత్తిరంపాక్కంలో శాంతి పప్పు బృందం తవ్వి చూసి, అక్కడి గొడ్డళ్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో ప్రకటించింది. ఫుట్ చోటు రాయకపోయి ఉంటే ఆ ఊరి పేరే ఎవరికీ తెలిసేది కాదు.

కర్నూలు ప్రాంతంలో అదే పని కామియాడ్ అనే అధికారి చేశారు. నల్లమల చుట్టుపక్కల దొరికిన రాతి పనిముట్లు ఏ పొరలో ఉన్నాయో గమనించి ఏరారు. కేంబ్రిడ్జి పండితుడు బర్కిట్‌తో కలిసి 1930లో ఒక వ్యాసం ప్రకటించారు. అడుగు పొరలో పెద్ద చేతి గొడ్డళ్లు, పైపైకి వచ్చే కొద్దీ చిన్న పెచ్చులు, సన్నని బిళ్లలు, చివరకు గోరంత రాతి ముక్కలు. కాలం గడిచే కొద్దీ పనిముట్టు ఎట్లా చిన్నదవుతూ వచ్చిందో ఆ వరుస చెప్పింది. దొరికిన లోతు రాయడం వల్లనే ఇది సాధ్యమయింది.

చేతి గొడ్డలిని గుర్తించేదెట్లా?

కామ లేని గొడ్డలి ఏమిటని అడగవచ్చు. ఇది గుప్పిట్లో పట్టుకొని వాడేది. బాదంగింజ ఆకారంలోనో, పియర్ పండు ఆకారంలోనో ఉంటుంది. ఒక కొన సన్నం, మరో కొన లావు. రెండు ముఖాల మీదా పెచ్చులు లేచిన గుంటలు పక్కపక్కనే, వరుసగా కనిపిస్తాయి. చుట్టూ అంచు తీర్చినట్లు ఉంటుంది. కొన్నింటికి కొన బదులు ఉలి అంచు మాదిరిగా అడ్డంగా పదును ఉంటుంది.

వాగులో దొర్లి పగిలిన రాయికి ఒకటో రెండో పెచ్చులు లేచి ఉంటాయి, వాటికి వరుస ఉండదు. ట్రాక్టరు మడకకు తగిలి పగిలిన రాయికి పగిలిన చోట రంగు తాజాగా ఉంటుంది. నిజమైన పాత గొడ్డలికి పెచ్చు గుంటల లోపల కూడా మిగతా రాయికి పట్టిన పాత రంగే పట్టి, అంచులు కొంత నునుపు తేలి ఉంటాయి. పరీక్షించాలని రాయిని పగలగొట్టడం, సుత్తితో కొట్టి చూడటం మాత్రం కూడదు.

పిడుగురాయి కథ

రెండో రకం రాతి గొడ్డలి ఇంతకన్నా చాలా తర్వాతిది. నల్లని గట్టి రాయితో చేసి, సాన పట్టి, నున్నగా తీర్చినది. మూడు మూలలుగా, అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. వెడల్పు కొన పదును, సన్నకొన మొద్దు. సన్నకొనను కర్రకు దూర్చి, తాడుతో బిగించి వాడేవారు. పదును రెండు వైపులా సమానంగా వాలి ఉంటే చెట్టు నరికే గొడ్డలి. ఒక వైపు చదునుగా, మరో వైపు మాత్రమే వాలుగా ఉంటే చెక్క చెక్కే బాడిస అయి ఉండవచ్చు.

వాన వెలిసిన తర్వాత చేలో మట్టి కొట్టుకుపోయి ఈ నల్లరాయి తేలుతుంది. పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడిందని పెద్దలు నమ్మి, పిడుగురాయి అన్నారు. ఇంట్లో ఉంటే పిడుగు పడదని దాచుకొన్నారు, పశువులకు మంచిదని కొట్టంలో కట్టారు, చెట్టు కింద దేవతల దగ్గర పెట్టి పసుపు కుంకుమలు పూశారు. ఒక్క మన దేశంలోనే కాదు, ఐరోపాలోనూ రైతులు వీటిని పిడుగురాళ్లనే నమ్మేవారు. ఆ నమ్మకం పుణ్యమా అని ఎన్నో రాళ్లు పారవేయబడకుండా మిగిలాయి. పూజలో ఉన్నవాటిని పూజలోనే ఉండనిస్తే మంచిది. ఫొటో తీసి, ఏ చెట్టు కింద ఉందో రాసుకొంటే చాలు.

వీటిని చేసినవారు ఎవరు? ఇక్కడే బతికిన రైతులు, పశువుల కాపరులు. పెన్నా పరివాహకంలోని వారి ఊళ్ల మీద పి.సి. వెంకటసుబ్బయ్య పరిశోధన చేశారు. మన జిల్లాలోని హనుమంతరావుపేట, పెద్దముడియం వంటి చోట్ల తవ్విన మట్టిలో మాడిన గింజలు దొరికాయి. ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నాయి అందులో. అంటే ఈ సీమలో ఉలవచేను వేసిన మొదటి రైతు చేతిలో ఉన్న గొడ్డలి ఈ నల్లరాయే.

దత్తమండలాల్లో మనతో కలిసి ఉండిన బళ్లారి దగ్గర సంగనకల్లు, కప్పగల్లు కొండ మీద ఈ గొడ్డళ్లు తయారుచేసిన కార్ఖానా వంటిదే ఉంది. నల్లరాతి కట్టు నుంచి రాయి తీసి, పెచ్చు లేపి, బండల మీద అరగదీసేవారు. అరగదీసిన గాడులు ఇప్పటికీ బండల మీద ఉన్నాయి. సుమారు 3,400 ఏళ్ల కిందట ఆ పని ముమ్మరంగా సాగిందని ఇటీవలి తవ్వకాలు తేల్చాయి. ఆ చోటును ఫుట్ కూడా చూసి రాశారు. బళ్లారిలో ఆయన పేరిట ఒక మ్యూజియం ఏర్పడింది. శోచనీయమేమంటే, అటువంటి కొండలకు కంకర క్వారీల బెడద తప్పలేదు. గొడ్డలి చేసిన రాయి రోడ్డు కింద కంకరగా పోతే తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు.

ఇనుప గొడ్డలి గుర్తులు

ఇనుము వచ్చిన తొలి రోజుల గొడ్డలికి నేటి గొడ్డలికి మాదిరిగా కామ దూర్చే కన్ను లేదు. మన పల్లెల్లో రాక్షస గుళ్లు, పాండవ గుళ్లు అని పిలిచే పాత రాతి సమాధుల్లో దొరికిన గొడ్డళ్లు చదును రేకు మాదిరిగా ఉంటాయి. ఇనుప పట్టీలను అడ్డదిడ్డంగా కత్తెర వేసి కర్రకు బిగించేవారు. అటువంటి పట్టీ గుర్తు ఉన్న గొడ్డలి చేలో కనిపిస్తే అది తక్కెడకు పోవలసింది కాదని వెంటనే గ్రహించాలి. అక్కడి నుంచి కదపకుండా అధికారులకు చెప్పాలి.

ఇక మన అటకల మీద ఉన్నవి. ఊరి కమ్మరి చేసిన గొడ్డలిని పోల్చడం కష్టం కాదు. ఇనుప పట్టీని కాల్చి మడిచి, మధ్యలో కన్ను వదిలి, రెండు కొనలనూ కలిపి కొట్టి అతికించేవారు. మెత్తని ఇనుము మధ్య అంచున ఉక్కు ముక్క దూర్చేవారు. అందుచేత తుప్పు పట్టిన పాత గొడ్డలిని పక్క నుంచి చూస్తే సన్నని అతుకు గీత కనిపిస్తుంది. రెండు చెంపలూ ఒక్క తీరుగా ఉండవు. కన్ను గుండ్రంగా కాక కొంచెం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. సమ్మెట దెబ్బల సొట్టలు చేతికి తగులుతాయి. కార్ఖానాలో అచ్చులో కొట్టిన గొడ్డలికి ఈ గుర్తులు ఉండవు. రెండు వైపులూ ఒకటే కొలత, చెంప మీద ముద్ర లేదా అంకె ఉంటుంది. టాటా అగ్రికో ముద్ర ఉన్న పారలు, పికాసులు, గొడ్డళ్లు మనకు సుపరిచితం. ఆ పేరుతో పనిముట్ల తయారీ 1925లో మొదలయింది. కనుక ఆ ముద్ర ఉన్నది అంతకన్నా పాతది కాదని ఖాయంగా చెప్పవచ్చు.

పనిముట్టు అరిగిన తీరు కూడా మాట్లాడుతుంది. గొడ్డలి వెనుక తల చదునై అంచులు విచ్చుకొని ఉంటే, దానితో మేకులు, గూటాలు కొట్టారని అర్థం. పదును ఒక మూల ఎక్కువ అరిగి ఉంటే పట్టినవాని చేతివాటం తెలుస్తుంది. కొడవలికి కక్కు ఎన్నిసార్లు కొట్టించారో దాని వెడల్పు తగ్గిన తీరే సాక్షి. తొలి కొత్తలో అరచేతి వెడల్పు ఉన్న గొడ్డలి సానకూ కొలిమికీ తరిగి తరిగి మూడు వేళ్లంత అవుతుంది. ఆ తరిగినది ఒక కుటుంబం కష్టం.

రైలు వచ్చాక పట్టా ముక్కలు, లారీలు వచ్చాక కమాను కట్టలు కొలిమికి చేరాయి. అరవదగ్గ ఇనుము దొరకని చోట వాటితోనే కొడవళ్లు, మచ్చుకత్తులు చేశారు. ఇప్పుడు కొలిమి ఉన్న ఊరు వెదకాలి. కర్రు సరిపించుకోవడానికి తెల్లవారుజామున కమ్మరి ఇంటి ముందు కూర్చునే రోజులు పోయాయి. ట్రాక్టరు వచ్చింది, కమ్మరి కొడుకు వెల్డింగు షాపు పెట్టాడు. కాలానికి తగ్గట్టు మారాడు, మంచిదే. తిత్తి పట్టిన పెద్దాయన మాత్రం ఏ ఊరి గొడ్డలికి ఏ వంపు, ఏ పనికి ఎంత ఉక్కు అన్న లెక్కను తనతోనే తీసుకొని పోతున్నాడు.

ఈ విలేకరి చేసిన రెండు తప్పులు

ఇంత చెబుతున్న ఈ విలేకరి కూడా తక్కెడలో వేసినవాడే. బడికి పోయే రోజుల్లో ఇంట్లో పెద్దలు లేని వేళ పాత ఇనుము సైకిలు వచ్చింది. గాదె కింద ఉన్న జేజినాయన గొడ్డలి వేసి, రెండు కిలోల ఎర్రగడ్డలు తీసుకోవడం జరిగింది. లాభసాటి బేరం చేశామన్న సంబరం సాయంత్రం దాకా ఉంది. జేజినాయన చేను నుంచి వచ్చి, గాదె కింద చేయి పెట్టి వెదికాడు. సంగతి తెలిసి కోప్పడలేదు. "దాన్ని చేసినోడు పోయినాడు, పట్టినోడు పోయినాడు. అదొక్కటే మిగిలిండె గదరా" అన్నాడు. ఆ రాత్రి ఎర్రగడ్డల కూర ఆయన తినలేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఆ రోజుల్లోనే ఎక్కడో ఒక నల్లని, నున్నని, మూడు మూలల రాయి దొరికింది. బాగుందని ఇంటికి తెచ్చి, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి వాడుకొన్నాం. చాలా ఏళ్ల తర్వాత చరిత్ర చెప్పే ఒక మాస్టారు ఇంటికి వచ్చి, దాన్ని చూసి నిలబడిపోయారు. చేతిలోకి తీసుకొని, పదును మీద వేలు రాసి, "ఇది రాతి గొడ్డలి నాయనా, ఎక్కడ దొరికింది?" అన్నారు. జవాబు లేదు. గుట్ట కింది చేలోనా, వంక వారనా, సెలవులకు పోయిన మేనత్త ఊళ్లోనా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆయన రాయిని జాగ్రత్తగా తిరిగి ఇచ్చి, "చోటు తెలిస్తే అక్కడ ఒక ఊరే బయట పడేదేమో" అన్నారు. ఆ రాయి ఇప్పటికీ ఇంట్లోనే ఉంది. మూగది. దానికి మాట లేకుండా చేసింది పిల్లతనపు అజాగ్రత్త.

చేయవలసినది కొద్దిపాటే

మ్యూజియం పెట్టనక్కరలేదు, డబ్బు ఖర్చు లేదు. పాత పనిముట్టు అమ్మదలచినా, ఉంచదలచినా ముందు ఇంట్లో పెద్దవారిని పిలిచి చూపాలి. పేరేమిటి, ఏ పనికి వాడేవారు, ఎవరు చేశారు, ఎవరు వాడారు అని అడిగి ఒక కాగితం మీద రాసి దానికి కట్టాలి. చేలో రాతి గొడ్డలి కనిపిస్తే తీయక ముందే సెల్‌ఫోనుతో ఉన్నచోటే ఫొటో తీయాలి. పక్కన రూపాయి బిళ్లో, అగ్గిపెట్టో పెడితే కొలత తెలుస్తుంది. ఊరు, చేను పేరు, సర్వే నంబరు, పైన తేలిందా, ఎంత లోతులో ఉంది, తేదీ రాయాలి. చుట్టూ పాత కుండ పెంకులు, బూడిద ఉంటే అదీ రాయాలి.

రాయిని నీళ్లతో కడిగితే చాలు. గీకడం, నూనె పూయడం వద్దు. ఇంట్లోని ఇనుప పనిముట్టు తుప్పుకు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కొంచెం నూనె రాసి పొడిచోట పెట్టాలి. సాన పట్టించడం, రంగు వేయడం వల్ల పాత గుర్తులన్నీ పోతాయి.

కొన్ని జాగ్రత్తలు కూడా తప్పనిసరి. భూమిలో దాగి ఉండి దొరికిన విలువైన వస్తువు సంగతి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. పురాతన వస్తువులను అనుమతి లేకుండా విదేశాలకు పంపడం 1972 చట్టం ప్రకారం నేరం. పాత సమాధులను, దిబ్బలను సొంతంగా తవ్వరాదు. లంకమల, శేషాచలం అడవుల్లోకి రాళ్లు ఏరడానికని పోవడం తగదు. ఎర్రచందనం దొంగల బెడద ఉన్న ఆ అడవుల్లో చేత గొడ్డలి పట్టుకొని కనిపిస్తే జవాబు చెప్పుకోవడం కష్టం. పిడుగురాయికి మహిమ ఉందని, లక్షలు ఇస్తామని వచ్చేవారిని అసలు నమ్మవద్దు. పిడుగు పడిన పాత్రలంటూ 'రైస్ పుల్లింగ్' పేరిట జరిగిన మోసాలు పోలీసు కేసుల దాకా వెళ్లాయి. ఈ రాళ్ల విలువ అవి చెప్పే చరిత్రలోనే ఉంది.

కడపలో 1982లో నెలకొల్పిన భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది. యోగి వేమన విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు శాఖ ఉంది. అనుమానం ఉన్న వస్తువు ఫొటో, చోటు వివరంతో వారిని కలిస్తే తెలిసినవారు చూసి చెబుతారు. మన హైస్కూళ్లలో ఒక బల్ల మీద ఆ ఊరి పాత పనిముట్లు పెట్టి, పేర్ల చీటీలు కడితే పిల్లలకు ఇంతకు మించిన పాఠం ఉండదు. దోకుడుపార, పోలుగొట్టం, జడ్డిగం అన్న మాటలు పుస్తకంలో చదివితే రావు, చేతబట్టి చూస్తే మరిచిపోరు. ఉపాధ్యాయులు, పంచాయతీ పెద్దలు ఈ విషయమై శ్రద్ధ వహించడం ఎంతైనా అవసరం.

ఫుట్ దొర వద్ద ఉన్నది ఒక గుర్రం, ఒక సంచి, ఒక నోటు పుస్తకం. మొదటి రెండూ లేకపోయినా ఫరవాలేదు. నోటు పుస్తకం ప్రతి ఇంట్లోనూ ఉంది. రేపు ఉదయం పాత ఇనుము సైకిలు వచ్చేలోగా, అటక మీది గొడ్డలిని దించి, ఇంట్లో ముసలాయన పక్కన కూర్చుని ఒక్క మాట అడగండి: "జేజినాయనా, ఇది ఎవరిది?"